వంటగిన్నె లేని దానం

"అన్నీ బాగానే సర్దావు గానీ దొమ్నీకా, వంటగిన్నె మర్చిపోయావు," అంది మా ఆడపడుచు లెనూత్సా.

అప్పుడు నేను వసారాలో కూర్చుని గోధుమలు ఏరుతున్నాను. ఎల్లుండి శనివారం నా పేరున భోజనాలు. చచ్చిపోయినవాళ్ళ పేరున పెట్టే భోజనాలే, కాకపోతే నేనింకా బతికే ఉన్నాను. మా ఊరివాళ్ళకి ఇదేం వింత కాదు. వెనకున్నవాళ్ళు మనకి సరిగ్గా చేస్తారో చేయరో అని అనుమానం ఉన్న ప్రతివాళ్ళూ, కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే ఊరిని పిలిచి, తమ పేరున తామే భోజనం పెట్టుకుని, దానాలిచ్చుకుంటారు. ఫాదర్ వచ్చి ధూపం వేసి పేరు చదువుతాడు. ఇక్కడ ఒకరి చేతిలో పెట్టిన వస్తువు మనం పోయాక అక్కడ మనకోసం సిద్ధంగా ఉంటుంది. కుర్చీ ఇచ్చినవాళ్ళకి అక్కడ కుర్చీ ఉంటుంది, దుప్పటి ఇచ్చినవాళ్ళకి దుప్పటి ఉంటుంది. ఇవ్వనివాళ్ళకి ఉండదు. అందుకే మా ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఒక్కో వస్తువూ కొని పెట్టెలో దాచుకుంటారు.

నేను దాచుకున్నవన్నీ గోడవారన బెంచీ మీద పేర్చాను. వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి, చిన్న బల్ల ఒకటి, ఒక పింగాణీ కంచం, చెంచా, నీలం గీతల కాఫీ కప్పు, ఉన్ని దుప్పటి, మెత్తటి చెప్పులు, చదువుకునే కళ్ళద్దాలు, చిన్న రేడియో. లెనూత్సా ఒక్కోదాన్నీ వేలితో తడిమి చూసింది. రేడియో మీట తిప్పి, గరగరమనగానే చటుక్కున ఆపేసింది.

"రేడియో ఉంది, గిన్నె లేదు. పాటలు వింటూ పస్తులుంటావా?"

"మర్చిపోలేదు వదినా. గిన్నె ఇవ్వడం లేదు."

"ఇవ్వకపోతే అక్కడ దేంట్లో వండుతావే?"

"వండను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత శిలువ గుర్తు వేసుకుంది. "అయితే అక్కడికొచ్చాక మా తమ్ముడు ఏం తింటాడు?" అంది. నేను గోధుమలు ఏరుతూనే ఉంటే గొంతు పెంచింది. "అక్కడ మా అమ్మ ఉంటుంది. ఇలియే ఆకలితో కూర్చుని ఉంటే, 'నువ్వుండి ఏం చేశావే లెనూత్సా' అని నన్నడుగుతుంది. నేనేం మొహం పెట్టుకుని చూడను ఆవిణ్ణి? నా పేరున నేను రెండు గిన్నెలిచ్చుకున్నాను తెలుసా? ఒకటి చారుకి, ఒకటి క్యాబేజీ చుట్టలకి. మా ఆయనకి క్యాబేజీ చుట్టలంటే ప్రాణం."

వాళ్ళాయన పోయి చాలాకాలమైంది. క్యాబేజీ చుట్టల్లో ఉప్పు తక్కువైందని ఒకసారి గిన్నె గిన్నెంతా పెరట్లో పందికి పోసిన మనిషి. ఆ మాట నేను అనలేదు. ఆవిడ తల ఊపుకుంటూ వెళ్ళిపోయింది, గేటు వెయ్యకుండానే.

ఇలియే తన పేరున భోజనాలు పెట్టుకున్న రోజు నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. ఎవరి పేరున పెడుతున్నారో వాళ్ళు ఆ రోజు చెయ్యి కదపకూడదని మా అత్తగారి పట్టు. మా ఆయన ఆ ఒక్క నియమాన్నీ మహా భక్తిగా పాటించాడు. కొత్త టోపీ పెట్టుకుని బల్ల కొసన కూర్చుని, "ఏమే దొమ్నీకా, చచ్చినవాడు లేచి మంచినీళ్ళు తెచ్చుకుంటాడా?" అని కేకేశాడు. బల్లల చుట్టూ ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే నీళ్ళ కూజాతో పరిగెత్తాను. అంతకుముందు వారమంతా క్యాబేజీ ఆకులు చుట్టీ చుట్టీ నా బొటనవేళ్ళు వంగడం మానేశాయి. ఆ రోజు ఇలియే కుర్చీ ఇచ్చాడు, మంచం ఇచ్చాడు, సూటు, చేతికర్ర, గడ్డం గీసుకునే అద్దం ఇచ్చాడు. అక్కడ పొద్దుపోవడానికి పాచికల పెట్టె కూడా ఇచ్చాడు. ఊరంతా చూసింది, మెచ్చుకుంది. వంటగిన్నె ఏదని ఏ ఒక్కరూ అడగలేదు.

ఆ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. నాకు ఏదైనా ఆలస్యంగానే తడుతుంది, అది నా స్వభావం. ఎవరైనా ఒక మాటంటే ఆ మాట నాలో దిగడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు. "నీ కాళ్ళకి చక్రాలున్నాయే," అనేవాడు ఇలియే పెళ్ళయిన కొత్తలో. అది పొగడ్తనుకుని మురిసిపోయి, ఇంకా జోరుగా తిరిగేదాన్ని. నాకు వింత అలవాట్లు చాలా ఉన్నాయి. నేను నిలబడే తింటాను. కుర్చీ ఖాళీగా ఉన్నా సరే, పొయ్యి పక్కన నిలబడి, కంచం కాకుండా మూతలో పెట్టుకుని, అడుగంటిన సంకటి గీరుకుని తింటాను. ఎప్పుడైనా చుట్టాలింట్లో కూర్చోవలసి వస్తే కుర్చీ అంచునే కూర్చుంటాను, ఎవరో లెమ్మంటారన్నట్టు. ఉప్పుడబ్బా బల్ల మీదే ఉన్నా, ఎవరైనా 'ఉప్పు' అనగానే లేచి వంటింట్లోకి పరిగెడతాను. కాఫీ వేడిగా ఉంటే తాగలేను. వేడి కాఫీ తాగడం అలవాటు లేదనడం నిజమేమో, నా కప్పు దగ్గరికి నేను చేరేసరికి అది ఎప్పుడూ చల్లారిపోయే ఉండేది.

ఇంకో అలవాటుంది. దాన్ని గురించి ఇంట్లో అందరూ నన్ను ఆటపట్టిస్తారు. నేను అన్నిటికీ థాంక్స్ చెబుతాను. బస్సు దిగుతూ డ్రైవరుకి చెబుతాను, అది సరే. గుడ్డు పెట్టిన కోడికి చెబుతాను. చలికాలం పొద్దున్నే మొండికెయ్యకుండా అంటుకున్న పొయ్యికి చెబుతాను. "పొయ్యి నీకు బదులు చెప్పిందా?" అంటాడు ఇలియే. చెప్పదు. కానీ ఆ మాట అన్నాక నాకు లోపల హాయిగా ఉంటుంది. చాలాకాలం నేను ఈ గుణాన్ని చూసి సిగ్గుపడ్డాను. చులకనైపోవడానికి ఇదే కారణమేమో అనుకున్నాను. ఎవరేం ఇచ్చినా, ఇవ్వకపోయినా, తిట్టినా థాంక్స్ అనే మనిషిని ఎవరు మాత్రం లెక్కచేస్తారు? తర్వాత తర్వాత తెలిసింది, కృతజ్ఞత వేరు, లొంగిపోవడం వేరు అని. రెండూ నా నోట్లో ఒకే మాటగా వచ్చేవి, అదీ చిక్కు. వాటిని విడదీసి చూపించినవాళ్ళు కొందరున్నారు. శనివారం భోజనాలు అసలు వాళ్ళకోసమే.

మొదటిది ఎల్వీరా. పెళ్ళికి ముందు నుంచీ నేను పంచాయతీ ఆఫీసులో టైపిస్టుని. ఎల్వీరా నాకు పైన, పెద్ద టైపిస్టు. సిగరెట్లు కాల్చేది, ఎర్ర లిప్‌స్టిక్ వేసుకునేది, ఊళ్ళో ఆవిడ గురించి మంచిమాట అన్న మనిషి లేడు. ఏటా మార్చి ఎనిమిదిన, ఆడవాళ్ళ పండగనాడు, ఆఫీసులో మగవాళ్ళు మాకు తలా ఒక పువ్వు ఇచ్చి, చెయ్యి ముద్దుపెట్టుకుని, ఉపన్యాసం చెప్పి, తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ గ్లాసులన్నీ ఆ పువ్వులు పక్కన పెట్టి మేమే కడిగేవాళ్ళం. నేను కడిగేదాన్ని, ఎల్వీరా కడిగేది కాదు. ఒకసారి ప్రెసిడెంటు గారు, "ఎల్వీరా, నీ చేతులకి నీళ్ళు పడవా?" అన్నాడు. "నా చేతుల్ని మీరు టైపు కొట్టడానికి తీసుకున్నారండీ. ఆర్డరులో గ్లాసుల సంగతి లేదు," అంది, పొగ వదులుతూ. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అంతే. ఆకాశం విరిగి పడలేదు. ఆ తర్వాత నేను కడగడం మానేశానని చెప్పను, మానలేదు. కానీ కడుగుతున్నప్పుడు ఇది నా పని కాదని నాకు తెలుసు. ఆ తెలియడం ఎల్వీరా ఇచ్చిందే. ఆవిడ పోయింది. కాఫీ కప్పు ఆవిడ చెల్లెలి చేతిలో పెడుతున్నాను.

రెండో ఆవిడ పేరు నాకు తెలియదు. పిత్తాశయం ఆపరేషనుకి నన్ను పట్నం ఆసుపత్రిలో చేర్చినప్పుడు, మధ్యాహ్నం భోజనాలు తెచ్చే ఆయా ఒకామె ఉండేది. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులతో కుంటుతూ నడిచేది. ఆపరేషనయ్యాక మొదటిసారి సూపు తెచ్చి నా ముందు పెట్టింది. నేను అలవాటు కొద్దీ లేవబోయాను. భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, "ఎక్కడికమ్మా?" అంది. ఎక్కడికో నాకూ తెలియదు. చెంచా నోట్లో పెట్టుకుంటే నాలుక కాలింది. ఆవిడ అక్కడే నిలబడి, "ఉప్పు సరిపోయిందా తల్లీ?" అని అడిగింది. నేను ఏడుపందుకున్నాను. కుట్లు లాగుతున్నాయనుకుని ఆవిడ నర్సుని పిలవబోయింది. కుట్లు కాదు. యాభై దాటిన దాన్ని, నాకు పెళ్ళయ్యాక ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేను వేలసార్లు అడిగాను. అది అడిగించుకుంటే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఇంటికొచ్చాక ఒక కుర్చీ కొని, గుడ్డ చుట్టి అటక మీద పెట్టాను. నేను దాచుకున్న మొదటి వస్తువు అదే.

మూడో మనిషి మా అత్తగారు స్తాంకా అంటే లెనూత్సా నమ్మదు. ఆవిడ నన్ను ఏడిపించినంతగా ఎవరూ ఏడిపించలేదు. నేను పిండి కలిపితే పక్కన నిలబడి చూసి, "మీ అమ్మ నీకు చేతులిచ్చి పంపించిందా, కాళ్ళే ఇచ్చిందా?" అనేది. అలాంటి మనిషి చివర్లో మంచం పట్టింది. ఒకరోజు వీపు వెనక దిండ్లు సర్దుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నాకు ఇప్పుడు గానీ తెలీలేదే దొమ్నీకా, వీపు ఆనిస్తే ఇంత సుఖంగా ఉంటుందని," అంది. తర్వాత మళ్ళీ, "నువ్వు మంచం పట్టేదాకా ఆగకే," అంది. ఆవిడ నాకిచ్చిన నగలేవీ లేవు. ఆ మాట ఒక్కటే ఇచ్చింది. అక్కడ లెనూత్సా భయపడుతున్నట్టు ఆవిడ ఎవర్నీ నిలదీయదు, నన్ను చూసి కుర్చీ జరిపి చోటిస్తుందనే నా నమ్మకం.

ఆ సాయంత్రం ఇలియే పాచికలాట నుంచి పెందలాడే వచ్చేశాడు. అక్క చెప్పేసిందని మొహం చూడగానే తెలిసింది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు దాని అంచు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఊళ్ళో నా పరువు తీస్తావా ఏంటే?"

"నీ పరువు గిన్నెలో ఉందా?"

"వెక్కిరించకు. నేను నీకేం తక్కువ చేశాను? కొట్టానా? తాగొచ్చి తన్నానా? జీతం తెచ్చి నీ చేతిలో పెట్టలేదా?"

పెట్టాడు. అబద్ధమెందుకు చెప్పాలి? ఇలియే చెడ్డవాడు కాదు. వేసవి రాగానే పెరట్లో మొదట పండిన స్ట్రాబెర్రీలు టోపీలో పోసుకుని తెచ్చి, "ముందు నువ్వు తిను," అంటాడు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ బస్సెక్కి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. నేను లేని ఆ రోజులన్నీ రొట్టే ఉల్లిపాయా తిని బతికానని గర్వంగా చెప్పుకుంటాడు. ఒక గుడ్డు ఉడకబెట్టుకోవచ్చని ఆయనకి తోచలేదు. ఈ మనిషి మీద నాకు ప్రేమ ఉంది. ఉంది గనకే ఈ మాట తిన్నగా చెప్పాలనిపించింది.

"ఇలియే, అక్కడికి నేను నీతోనే వస్తాను. నీ పక్కనే కూర్చుంటాను. నువ్వు పాచికలేస్తే చూస్తాను, రేడియో పెట్టుకుని ఇద్దరం వింటాం. కానీ లేవను. ఎవరు ఏం కావాలన్నా లేవను. అక్కడిక నాకు పని లేదు. ఆ ఒక్కటే అడుగుతున్నాను."

ఆయన నా వంక చూశాడు. కళ్ళల్లో కోపం లేదు, చిన్నపిల్లాడి బెదురుంది.

"మరి నాకు ఆకలేస్తేనో?" అన్నాడు మెల్లిగా.

నవ్వొచ్చింది, జాలేసింది, ఒళ్ళు మండింది. మూడూ ఒక్కసారే. జవాబు చెప్పలేదు. ఆయన ప్రశ్నకి నేను జవాబు వెతకడం మొదలుపెట్టానంటే నా చేతికి గిన్నె వచ్చేసినట్టే.

మర్నాడు పొద్దున మా అమ్మాయి మిరెలా పట్నం నుంచి ఫోన్ చేసింది. దానికీ లెనూత్సా చెప్పేసింది. "అమ్మా, ఒక గిన్నె పెట్టేసి గొడవ వదిలించుకోవచ్చు కదే? ఎంత చిన్న విషయం," అంది. చిన్న విషయమే తల్లీ, అన్నాను. నా బతుకంతా చిన్న విషయాలే. మూతలో తినడం చిన్న విషయం, గ్లాసులు కడగడం చిన్న విషయం, చల్లారిన కాఫీ చిన్న విషయం. పెద్ద విషయం ఒక్కటైనా జరిగి ఉంటే నేనెప్పుడో గట్టిగా అరిచి ఉండేదాన్ని. అది గిన్నె మాట అక్కడితో వదిలేసింది. తర్వాత, "రేపు పొద్దున్నే వచ్చి సాయం చేస్తాను," అంది. "సాయానికైతే రాకు, భోజనానికి రా," అన్నాను.

ఎందుకంటే ఆ సంగతి ముందే తేల్చుకున్నాను. నేను కూర్చోవడానికి ఇంకో ఆడది నా బదులు నిలబడితే, ఆ కూర్చోవడం నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టే. పక్కింటి ఆంగెలీనా తన కోడళ్ళని పంపిస్తానంటే వద్దన్నాను. రొట్టెలు బేకరీలో చెప్పాం. బీన్స్ వండటం ఇలియే స్నేహితుడు సాందు మీద పెట్టాను. సాందు భార్య పోయాక తనే వండుకు తింటున్నాడు, చెయ్యి తిరిగిన మనిషి. పెరట్లో పెద్ద కాగు పెట్టి మగవాళ్ళు వండితే అది పండగ కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇలియే కట్టెలు కొట్టిచ్చాడు, మంట ఊదాడు, పొగకి కళ్ళు తుడుచుకుంటూ అందరికీ తన కష్టం చెప్పుకున్నాడు.

శనివారం ఎండ బాగా కాసింది. బల్లలు వాల్‌నట్ చెట్టు కింద వేశారు. బల్ల కొసన నన్ను కూర్చోబెట్టారు. మొదట కుర్చీ అంచునే కూర్చున్నాను. తర్వాత గుర్తొచ్చి, కొంచెం కొంచెంగా వెనక్కి జరిగి వీపు ఆనించాను. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంటే అవి వేరేవాళ్ళవేమో అనిపించింది. ఎవరో గ్లాసు కింద పడేస్తే నా కాళ్ళు వాటంతట అవే కదిలాయి. ఆంగెలీనా నా వైపు చూసి, "చచ్చినదానివి, కదలకు," అంది. నవ్వేశాను. వచ్చినవాళ్ళందరినీ చూస్తుంటే నా గుండె నిండిపోయింది. టీకాలు వేసే నర్సు వచ్చింది, బస్సు డ్రైవరు వచ్చాడు, నాకు చదువు చెప్పిన టీచరు మనవరాలు వచ్చింది, ఎల్వీరా చెల్లెలు అక్కలాగే ఎర్ర లిప్‌స్టిక్ వేసుకుని వచ్చింది. మిరెలా భోజనానికే వచ్చింది. ఎంతమంది నాకు ఎంత చేశారో! నా పేరు తలుచుకుని ఇంతమంది నా ముందు కూర్చుంటే, పోయాక చేస్తే ఇదంతా నాకెలా కనబడేది? బతికుండగానే చూసుకోవాలని మొదట ఎవరికి తట్టిందో గానీ, ఆ మనిషికి కూడా మనసులో థాంక్స్ చెప్పుకున్నాను.

దానాల బల్ల నాకు ఎదురుగా, కాస్త దూరంగా ఉంది. ఒక్కోదాని మీద ఒక కొవ్వొత్తి, ఒక రొట్టె చుట్ట. ఫాదర్ గారు ధూపం వేసుకుంటూ అటు నడిచారు. అప్పుడు చూశాను. దుప్పటి వెనక, తెల్ల రిబ్బను కట్టిన కొత్త గిన్నె. ఎర్ర ఎనామెలుది, పెద్దది, మూతతో సహా. దాని మీద కూడా కొవ్వొత్తి వెలుగుతోంది. దాని పక్కనే లెనూత్సా చేతులు కట్టుకుని, తల వంచుకుని, మహా భక్తిగా నిలబడి ఉంది.

ధూపం దాని మీద పడి, నా పేరు చదివారంటే అది నాది అయిపోతుంది. ఇక్కడంటే సరే, కడిగి బోర్లించేస్తాను. అక్కడికి ఆఖరు అనేది లేదు కదా. లేచి వెళ్ళి తీసేద్దామంటే, ఈ ఒక్కరోజు లేవకూడదు. లేచానంటే, నన్ను లేపడానికి ఒక గిన్నె చాలునని అందరి ముందూ నేనే ఒప్పుకున్నట్టు. ఆంగెలీనా నా మొహం చూసింది, నేను చూస్తున్న వైపు చూసింది. ఆవిడకీ అర్థమైంది. ఫాదర్ గారు కుర్చీ మీద ధూపం వేశారు, బల్ల మీద వేశారు, దుప్పటి దగ్గరికొచ్చారు.

"ఫాదర్ గారూ, ఆగండి," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చర్చిలో పాటకి కూడా నేనంత గట్టిగా నోరు తెరవను. బల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"ఆ గిన్నె నాది కాదండీ. దాన్ని నా పేరున చదవొద్దు."

"నీ మంచికోసమే పెట్టానే!" అంది లెనూత్సా. "ఊరందరి ముందూ ఇలా అంటావా? ఏ ఇల్లాలైనా గిన్నె లేకుండా పోతుందా?"

"నీ మంచి మనసు నాకు తెలుసు వదినా. దానికి థాంక్స్. గిన్నె మాత్రం వద్దు."

కుర్రవాడు మా ఫాదర్. ఈ మధ్యే ఊరికొచ్చాడు. ధూపం గొలుసు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "అమ్మా, కొవ్వొత్తి వెలిగించేశారు. వెలిగించినదాన్ని ఊరికే పక్కన పెట్టకూడదు," అన్నాడు ఇబ్బందిగా. "మరి దీన్ని ఎవరి పేరున చదవమంటారు?"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో సగం మంది తమ పేరున గిన్నెలు ఇచ్చుకున్నవాళ్ళే, మిగతా సగం పెట్టెల్లో దాచుకున్నవాళ్ళు. మగవాళ్ళు కంచాల్లోకి చూస్తూ కూర్చున్నారు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. అడిగింది నన్ను కాదు, నేను జవాబు చెప్పను అనుకున్నాను. ఎంతసేపైనా సరే, చెప్పను.

కాగు దగ్గర నుంచి ఇలియే లేచాడు. చొక్కా నిండా మసి. టోపీ తీసి సాందు చేతికిచ్చి, బల్లల మధ్య నుంచి మెల్లిగా నడిచి వచ్చాడు. నా వంక చూడలేదు, అక్క వంక చూడలేదు. గిన్నెని ఎలా పట్టుకోవాలో కాసేపు తెలియలేదు ఆయనకి. ఒక చెవి పట్టుకున్నాడు, మూత జారింది, రెండో చేత్తో పొట్టకి అదుముకుని ఎత్తాడు. కొవ్వొత్తి ఆరిపోకుండా గాలికి వీపు తిప్పి నిలబడ్డాడు.

"నా పేరున చదవండి ఫాదర్," అన్నాడు.

"ఇలియే!" అంది లెనూత్సా.

"నా దానాల్లో గిన్నె లేదక్కా. నేనే మర్చిపోయాను."

ఫాదర్ గారు ధూపం వేసి ఇలియే పేరు చదివారు. ఇలియే గిన్నెని తీసుకెళ్ళి సాందు చేతుల్లో పెట్టాడు. సాందు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మూత తీసి వాసన చూసి, దానం తీసుకున్నవాళ్ళు అనవలసిన మాట అన్నాడు. "బొగ్దాప్రోస్తే. అక్కడ నీ గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి ఇలియే."

లెనూత్సా బెంచీ మీద కూలబడింది. "మంట ఊదడం తప్ప నీకు ఏం వచ్చురా?" అంది, ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో. "బీన్సులో ఉప్పెంతో కూడా తెలీదు నీకు. ఆ గిన్నెతో ఏం చేస్తావురా నువ్వు?"

ఇలియే చేతుల మసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"చచ్చాక నేర్చుకోవడానికి బోలెడంత టైముంటుంది కదక్కా," అన్నాడు.

అందరూ ఒక్కసారి నవ్వేశారు. ఫాదర్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇలియే అప్పుడు నా వంక చూశాడు, నేనేమంటానో అని. నా కళ్ళ నిండా నీళ్ళున్నాయి. మసి చొక్కాతో, రెండు చేతులూ ఖాళీగా నిలబడ్డ ఆ మనిషి పెళ్ళినాటి కంటే అందంగా కనిపించాడు నాకు.

"అంతదాకా ఎందుకు ఇలియే?" అన్నాను, కుర్చీలోంచి కదలకుండా. "రేపు ఆదివారం. భోజనానికి మనిద్దరమే."